‘పోయెను’ అంటే

నిన్న మధ్యాహ్నం మా మనమరాలూ దాని మొగుడూ వారపత్రిక పట్టుకుని పోట్లాడుకున్నారు. అందులో వస్తున్న నవలలో మేడమీది గదికి బయట గొళ్ళెం పెట్టింది ఎవరన్నది తగాదా. జమీందారే అని వాడంటాడు. కాదు, ఆ పిల్లను ప్రేమించినవాడే అని ఇదంటుంది. వచ్చే వారం పత్రికవాళ్ళే చెబుతారు కదా అని నేనంటే ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు. "నవలల సంగతి నీకేం తెలుసులే అవ్వా!" అన్నది మనమరాలు. నవ్వొచ్చింది. ఒక నవల రెండో భాగం కోసం నేను కొట్టుకులాడినట్టు ఈ నెల్లూరు జిల్లాలో ఇంకెవరూ కొట్టుకులాడి ఉండరు. మా ఇంట్లో ఒక మనిషి చేతి గాజులు ఉంటాయా పోతాయా అన్నది దాంతోనే తేలవలసి ఉండింది.

పెద్ద కరువు తీరి అప్పటికి ఏడాది కాలేదు. నేను ఆత్మకూరు నుంచి ఉదయగిరికి కాపురానికొచ్చిన కొత్త. మా నాయన ఆత్మకూరులో బడిపంతులు. నాకు చదువొచ్చునన్న సంగతి పెళ్ళిమాటల్లో దాచిపెట్టారు. తర్వాత తెలిసి మా అత్త, "మెల్లకన్ను దాచినట్టు దాచినారే" అని ఆర్నెల్లు సాధించింది. ఆ ఇంట్లో నాతో మనసిచ్చి మాట్లాడింది మా ఆడబిడ్డ ఒక్కతే. మా ఆయనకు అక్క, ఇంకా పాతికేళ్ళు నిండలేదు. కరువులో ఆమె మొగుడు ఆమెను పుట్టింట వదిలి సముద్రపు వైపు కాలువ తవ్వే పనికి మేస్త్రీగా వెళ్ళాడు. వెళ్ళేముందు కొత్త చెప్పుల జత అటక మీద పెట్టి, వచ్చినాక తొడుక్కుంటానన్నాడట. వానలు పడ్డాయి, వలస వెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు, ఆయన రాలేదు. ఒకరోజు ఆత్మకూరు నుంచి వస్తున్న బండివాడు మా వాకిట్లో ఎద్దుల్ని నిలిపి, "అయ్యా, మీ అల్లుడు పోయినాడంట, సంతలో అనుకుంటుండారు" అన్నాడు. మన భాషతో వచ్చిన చిక్కే అది. పోయినాడంటే వెళ్ళిపోయినాడనీ అవుతుంది, చచ్చిపోయినాడనీ అవుతుంది. మా మామ పైపంచె జారిపోతున్నా చూసుకోకుండా బండికి అడ్డంపడి, "ఎట్ల పోయినాడ్రా?" అని అడిగాడు. వాడు తల గోక్కున్నాడు. "ఏమోనయ్యా. పోయినాడన్నారు, విన్నాను. ఎట్లని నేనడగలా."

సముద్రపు వైపుకు మనిషిని పంపారు. అక్కడ కాలువ పని ముగిసి జనమంతా చెదిరిపోయారు, చెప్పే దిక్కు లేదు. ఇంతలో మా మరిదికి కుదిరిన కలువాయి సంబంధం వాళ్ళు, మీ ఇంట మైల ఉందో లేదో తేల్చండి, ముహూర్తం పెట్టుకోవాలి అని కబురు చేశారు. పోయినాడనే అనుకుంటే కూతురి గాజులు పగలగొట్టాలి, బొట్టు చెరపాలి. కాదనుకుంటే, రేపు నిజం తెలిసిన నాడు లోకం ఏమంటుంది? మా మామకు తిండి సయించేది కాదు. మా ఆడబిడ్డ మాత్రం, "ఊరిడిసి పోయుంటాడు, వస్తాడు" అని ఒక్కటే మాట. వీధిలో బండి చప్పుడైతే చాలు, తిరగలి వదిలేసి గడపలోకి వెళ్ళేది.

అప్పుడు మా నాయన ఆత్మకూరు నుంచి ఒక పుస్తకం పంపాడు, మద్రాసులో కొత్తగా అచ్చయిందట. నవల అనే మాట మా వైపు ఇంకా రాలేదు. మా మామ దాన్ని వచనపు కథ అన్నాడు, మా అత్త పద్యాలు లేని పుస్తకం అన్నది. కోట ఉన్న ఊళ్ళో ఒక పడుచు ఇల్లాలు, ఆమెను ప్రాణంగా చూసుకునే మొగుడు. ఎవరు రాస్తున్నారో తెలియని చీటీలు రోజూ ఆమె పూలబుట్టలో దొరుకుతుంటాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో అందరూ కూర్చుంటే నేను చదివేదాన్ని. చీటీలు చింపకుండా దాచిపెట్టినందుకు ఆ ఇల్లాలిని మా అత్త నానా మాటలూ అన్నది. మొదటి పేజీ నుంచీ ఆ ఊరి దివాను మీదే మా మామకు అనుమానం. మా మరిదైతే ఆమెను ఎవరేమన్నా ఒప్పుకునేవాడు కాదు, తనకు కాబోయే పెళ్ళామే అన్నంతగా వెనకేసుకొచ్చేవాడు. మా ఆయన అభిప్రాయం చెప్పలేను, నేను గొంతు సవరించుకునేలోపే గురక పెట్టేవాడు. మొదటి భాగం ఆఖరు వాక్యం, ఆ ఇల్లాలి మొగుడి గురించే, నాకిప్పటికీ కంఠతా ఉంది: "అంతట నతఁడు క్రొత్త చెప్పులు తొడిగికొని పోయెను." అంతే, కింద అంతా తెల్లకాగితం.

"పోయెను అంటే ఏంది? చచ్చినాడా?" అన్నది మా అత్త. దివాను చంపించి ఉంటాడన్నాడు మా మామ. అన్నాళ్ళూ కథ గురించి నోరు మెదపని మా ఆడబిడ్డ అప్పుడు కస్సుమని లేచింది. "చచ్చేవాడు చెప్పులు తొడుక్కుంటాడా? పోయినాడంటే పోయినాడు. వస్తాడు." మేం పుస్తకం గురించి మాట్లాడుకోవడం లేదని అందరికీ తెలుస్తూనే ఉంది. మా మామకు ఏ పని తలపెట్టినా పురాణం తెరిచి శకునం చూసే అలవాటు. ఆయన, "రెండో భాగం రానీండి. దాంట్లో ఎట్లుంటే అదే శకునమనుకుందాం" అన్నాడు. ఈ కాలంవాళ్ళు నవ్వుతారు. పాపం, తండ్రి. ఆయనకు గడువు కావాలి, అది పుస్తకంలో దొరికింది.

రెండు నెలలు. బండి చప్పుడైతే మా ఆడబిడ్డ మొగుడి కోసం లేచేది, నేను పుస్తకం కోసం లేచేదాన్ని. పులుసులో ఉప్పు రెండుసార్లు వేసి తిట్లు తిన్నాను. ఆఖరికి ఒక పొద్దున పుస్తకం వచ్చింది. గడ్డివామి చాటుకు తీసుకెళ్ళి ముందు నేనే తెరిచాను. రెండో పేజీలోనే ఉంది, కోట అగడ్తలో అతని శవం దొరికిందని. చెప్పులు కూడా కాళ్ళకే ఉన్నాయట.

ఆ మధ్యాహ్నం మా అత్త కూడా కునుకు తీయలేదు. పుస్తకం ముందు పెట్టుకుని, కళ్ళు అక్షరాల మీదే ఉంచి, లేని కథ చదివాను. శవానికి బదులు మొగుణ్ణి ఓడ ఎక్కించాను, దివానును జైల్లో వేయించాను. గ్రాంథికం అల్లలేక చెమటలు పట్టాయి. ఆఖర్న, ఇల్లాలు దీపం పెడుతుండగా వాకిట అడుగుల చప్పుడు వినిపించిందనేదాకా బాగానే నెట్టుకొచ్చి, వచ్చెను అనబోయి "అతడు వచ్చినాడు" అనేశాను. మా మరిది పట్టుకున్నాడు. "అచ్చులో వచ్చినాడు అని ఏస్తారా వదినా?" "అక్షరాలు పేర్చినోళ్ళు మన నెల్లూరోళ్ళేమో" అన్నాను. మా ఆడబిడ్డ ముఖం వైపు చూసే ధైర్యం చాల్లేదు.

ఇట్లా ఎక్కడన్నా జరుగుతుందా, అబద్ధాల పుస్తకం, అన్నది మా అత్త. దివాను దొరికినందుకు మా మామ తొడ చరిచి, ఆ సాయంత్రమే కలువాయికి మనిషిని పంపాడు, మా ఇంట మైల లేదని. తమ్ముడి పెళ్ళిలో మా ఆడబిడ్డే పసుపు దంచింది. నేను పుస్తకం నా పెట్టె అడుగున దాచాను.

మా ఆడబిడ్డ మొగుడు రాలేదు, ఏ కబురూ రాలేదు. ఆమె మాత్రం ఏటా చెప్పులు దించి, ఆముదం రాసి, మళ్ళీ అటక మీద పెట్టేది. అది చూసినప్పుడల్లా నేను చేసింది మేలో కీడో తెలిసేది కాదు. నాక్కూడా అక్షరాలు నేర్పించమ్మీ అని అడిగితే, పొయ్యి మీద ఎసరుందనీ కళ్ళు మండుతున్నాయనీ తప్పించుకున్నాను. చివరకు ఆమె పేటలో మిషనువాళ్ళ బడిపంతులమ్మ దగ్గర నేర్చుకుంది. ఎనిమిదో ఏడో తొమ్మిదో ఏడో, ఒక మధ్యాహ్నం నా గదిలోకి వెళ్తే పెట్టె తెరిచి ఉంది, ఒళ్ళో రెండో భాగం ఉంది.

"నువ్వు చదివిన వచ్చినాడు అనే మాట నా కండ్లతో చూసుకుందామని చదువు నేర్చుకున్నా" అన్నది. "మొదటి నించీ కడదాకా ఎతికినాను. యాడా లేదే." నేను అక్కడే కూలబడి ఏడ్చాను. "ఇన్నేండ్లు బండి చప్పుడైతే లేచినాను గదమ్మీ, నీ మాట పట్టుకొని" అన్నది. అది కోపమే, అందులో సందేహం లేదు. కాసేపు పేజీలు అటూ ఇటూ తిప్పి, పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది. "అయినా, ఇందులో ఉండేదాని కంటే నువ్వు చదివిందే బాగుండాది." లేచి వెళ్ళి అటక మీంచి చెప్పులు దించుకుంది. అది ఆముదం రాసే నెల.

ఆమె బొట్టుతోనే పోయింది. ఈ మాటకు మాత్రం ఒక్కటే అర్థం. ఆ కాలం కూడా పోయిందంటారు అందరూ. ఎట్ల పోయిందని, ఆ బండివాడి మాదిరే, నేనూ అడగలా.