జీవరాజు వెనక చక్రం

జాయ్ ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకుంటుంది. కాసేపు కుడికాలు, కాసేపు ఎడమకాలు. ఆరేళ్ల కిందట చీలమండ బెణికినప్పుడు ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామం అది. చీలమండ నెల తిరక్కుండానే బాగైంది. అలవాటు మాత్రం పోలేదు.

"ఆ రెండో కాలు కింద పెట్టవే అమ్మీ, కొంగలాగ ఏటది?" అంటుంది తల్లి వసంతకుమారి, ఆస్పత్రి డ్యూటీకి చీర పిన్ను పెట్టుకుంటూ.

"కొంగ సేప దొరికేదాకా నిల్సుంటాదమ్మా."

"మరి దొరికిందేటి?"

జాయ్ నురుగు ఉమ్మేసి లోపలికి వెళ్లిపోయింది. రెండేళ్లుగా ఆమె ఒక్క పతకమూ తేలేదు.

ఆమెకు ఇరవై ఏడేళ్లు. ట్రయాథ్లాన్ ఆమె ఆట. ఈత, సైకిలు, పరుగు, ఈ మూడూ మధ్యలో ఆగకుండా వరసగా పూర్తి చేయాలి. ఒలింపిక్స్‌లో ఆడే కొలత ప్రకారం కిలోమీటరున్నర ఈత, నలభై కిలోమీటర్ల సైకిలు, పది కిలోమీటర్ల పరుగు. ఈత కొలాబ్ రిజర్వాయరులో చేపలు పట్టేవాళ్ల మధ్య నేర్చుకుంది. సైకిలు పొట్టంగి ఘాట్ కొండదారిలో, పరుగు ఒడిశాలోని తమ ఊరు కొరాపుట్ వీధుల్లో. కుదురుగా కూర్చోవడం ఎక్కడా నేర్చుకోలేదు. బస్సులోనైనా, చర్చి బెంచీ మీదైనా ఆమె మోకాలు ఊగుతూనే ఉంటుంది. పక్కన కూర్చున్న ఆడవాళ్లు ఆ మోకాలి మీద చెయ్యి వేసి ఆపుతారు. చెయ్యి తీయగానే అది మళ్లీ మొదలవుతుంది.

ఇంటినిండా ఆటగాళ్లే. తాత ఇజ్రాయెల్ భీమిలి వైపు నుంచి మిషన్ స్కూలుకు డ్రిల్లు మాస్టారుగా వచ్చి కొరాపుట్‌లోనే స్థిరపడ్డాడు. తండ్రి జీవరాజు పీఈటీగా చేసి రిటైరయ్యాడు. యువకుడిగా ఉన్నప్పుడు రాష్ట్ర స్థాయి సైక్లిస్టు. వసంతకుమారి నర్సింగ్ స్కూలు రోజుల్లో పదిహేను వందల మీటర్లు పరిగెత్తింది. అన్న ప్రసన్న కుమార్ ఫుట్‌బాల్ ఆడతాడు. రాయగడ దగ్గర తెరుబలి ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ, ఉండేదీ అక్కడి క్వార్టరులోనే.

ఇంట్లో ఎవరికి పతకం వచ్చినా ఆ ఆదివారం చర్చిలో కుటుంబం తరఫున ఒకరు లేచి కృతజ్ఞత చెప్పాలి. ఆ పని ఎప్పుడూ జీవరాజుదే. జాయ్ గెలిస్తే మాటలూ ఎప్పుడూ అవే. "మా అమ్మాయి ఎవరి వెనకా దాక్కోలేదు. ప్రభువు బలమిచ్చేడు, ఒక్కతే ముందుండి తొక్కింది." సంఘం ఆమెన్ అంటుంది.

ఆ మాటలకు మూలం ఆయన పాత రేసు ఒకటి. కటక్ నుంచి పూరీ దాకా. జీవరాజు ముందుండి గాలికి ఎదురు తొక్కుతూ పోయాడు. ఒకతను దారి పొడుగునా ఆయన వెనక చక్రానికి జానెడు దూరంలో అంటుకుని వచ్చాడు. ముందున్నవాడు గాలిని చీలుస్తుంటే వెనకవాడికి శ్రమ బాగా తగ్గుతుంది. చివరి వంద మీటర్లలో అతను పక్కకు తప్పుకుని దాటేశాడు. అందులో తప్పేమీ లేదని రిఫరీలు చెప్పారు. జీవరాజు మాత్రం దాన్ని దొంగతనం అన్నాడు. ఇంటికొచ్చి, ఎవరి వెనకా అంటుకుని తొక్కకూడదని ఇంట్లో ఒక చట్టం పెట్టాడు. పిల్లలిద్దరికీ సైకిలు నేర్పిన రోజే ఆ చట్టమూ నేర్పాడు.

చాలాకాలం ఆ చట్టంతో జాయ్‌కి ఇబ్బంది రాలేదు. కింది స్థాయి ట్రయాథ్లాన్లలో ఇంకొకరి వెనక అంటుకుని తొక్కడం నిషేధం. అలా చేసినవాళ్లకు శిక్ష పడుతుంది. అక్కడ జాయ్ వరసగా గెలిచింది. పై స్థాయికి వచ్చాక నియమం మారింది. అక్కడ గుంపుగా తొక్కవచ్చు, అందరూ అలాగే తొక్కుతారు. జాయ్ మాత్రం గుంపుకు ముందు నిలిచి అందరి గాలీ తానే చీల్చింది. సైకిలు దిగి బూట్లు వేసుకునేసరికి ఆమె కాళ్లలో ఏమీ మిగిలేది కాదు. వెనక హాయిగా వచ్చినవాళ్లు ఒక్కొక్కరే దాటిపోయేవారు. ఒక ఏడాది నాలుగో స్థానం, మరుసటి ఏడాది ఐదు.

భువనేశ్వర్ శిక్షణ కేంద్రంలో కోచ్ సౌమ్యరంజన్ కోప్పడే మనిషి కాదు. అందరికీ బస్సు టికెట్లు నువ్వే కొంటున్నావు, నీకే సీటు దొరకడం లేదు, అన్నాడు హిందీలో. ఫిబ్రవరిలో గోపాల్‌పూర్‌లో సెలక్షన్ రేసు ఉంది. మొదటి ఇద్దరు ఆసియా పోటీకి వెళతారు. ఒలింపిక్ అర్హత పాయింట్లు అక్కడ మొదలవుతాయి. జట్టులోకి రాకపోతే కేంద్రంలో జాయ్ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇది కూడా ఆయన మామూలు గొంతుతోనే చెప్పాడు.

ఆమె ప్రయత్నించకపోలేదు. కేంద్రంలో గుంపుతో బయల్దేరేది, నాలుగో చక్రం వెనక చేరేది. కాసేపటికే ఒళ్లు మండినట్టు పక్కకు జరిగి, తనకే తెలియకుండా ముందుకు వెళ్లిపోయేది.

జనవరిలో ఇంటికి వచ్చినప్పుడు ఈ మాట అన్నం దగ్గర బయటపడింది. ప్రసన్న కూడా ఆ రోజు తెరుబలి నుంచి వచ్చి ఉన్నాడు.

"ఎవులి ఎనకో నక్కి గెలవడం ఒక గెలుపేటి?" అన్నాడు జీవరాజు.

"రూల్లోనే ఉంది నాన్నా," అన్నాడు ప్రసన్న. "మా టీమ్‌లో గోల్‌కీపర్ కూడా మా ఎనకాలే ఉంటాడు. ఆడు దొంగా?"

"నువ్వు నోరు ముయ్యి. నీకు సైకిలు తొక్కడం ఎప్పుడొచ్చింది గనక."

"నువ్వు కూర్చోబెట్టి ఘాట్ మీంచి తోసినప్పుడు."

జాయ్ నవ్వలేదు. కంచం పక్కన ఆమె వేళ్లు బల్ల మీద దరువు వేస్తున్నాయి. "ఈ సారి పోతే మరి లేదు నాన్నా," అంది.

వసంతకుమారి పులుసు వడ్డించి గరిటె గిన్నెలో పెట్టింది. "వార్డులో నలుగురు సిస్టర్ల పని ఒక్కదాన్నే సేసిన రోజులున్నాయి. నాకెవులూ మెడల్ ఇవ్వలేదు. నడుం నొప్పి ఇచ్చేరు."

జీవరాజు లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు జాయ్ సైకిలు తీసుకుని అన్నతో తెరుబలి వెళ్లిపోయింది. రాయగడ రోడ్డు మీద ప్రసన్న మోటారు సైకిలు నడుపుతుంటే వెనక అంటుకుని తొక్కడం నేర్చుకోవాలని. మూడు రోజులు అదే చేసింది. మోటారు సైకిలు మనిషిలా తొక్కదు, మనిషిలా అలసిపోదు. ప్రసన్న ఒకసారి గేదె అడ్డం వచ్చి బ్రేకు వేస్తే ఆమె మట్టిలోకి దిగిపడింది. మోచేయి గీసుకుపోయింది.

ఆ సంగతి ఫోన్‌లో తల్లికి చెప్పింది. నాలుగో రోజు జీవరాజు రాయగడలో బస్సు దిగాడు. బస్సు టాపు మీంచి తన పాత స్టీలు సైకిలు దింపించుకున్నాడు. టైర్లు కొత్తవి. అరవై రెండేళ్ల మనిషి, ఒక మోకాలికి పట్టీ.

"పద," అన్నాడు. "నా ఎనక రా."

జాయ్ మూడు బారల దూరంలో వెనక తొక్కింది. ఆయన తల తిప్పి చూశాడు.

"దగ్గరకు రాయే."

"తగులుతాది నాన్నా."

"తగిలితే పడతాం. రా. సక్రం సూడకు, నా బుజాలు సూడు. నేను ఎటు తిరుగుతానో బుజం ముందు సెప్తాది."

ఆమె జానెడు దూరానికి వచ్చింది. గాలి ఒక్కసారిగా ఆగినట్టయింది. కాళ్లు ఖాళీగా తిరిగాయి. తేలిగ్గా ఉండటంతో ఆమె తొక్కడం ఆపింది. వెనక చక్రం టిక్ టిక్ మంది.

"ఆ సప్పుడు!" జీవరాజు అరిచాడు. "పూరీ రోడ్డులో ఆ సప్పుడు నా సెవుల్లో గంటల తరబడి ఇన్నాను. ఆడు తొక్కడం ఆపినప్పుడల్లా నాకు తెలిసిపోయీది, ఇంకా బలం దాసుకున్నాడని. నీది నాకు ఇనిపించకూడదు. తేలిగ్గా తొక్కు, కానీ ఆపకు."

ముప్పై ఏళ్లకు పైగా దొంగ అని తిట్టిన మనిషి ఏమేం చేశాడో జీవరాజుకు వరసగా తెలుసు. ఏ వంపులో దగ్గరకు వచ్చాడు, ఏ వైపు గాలికి ఏ పక్కన దాక్కున్నాడు, ఎప్పుడు నీళ్లు తాగాడు. అన్నీ చెప్పాడు. ఆయన వేగంగా తొక్కగలిగింది కొద్ది దూరమే. తర్వాత రోడ్డు పక్కన కూర్చుని మోకాలు పట్టుకునేవాడు. ఊపిరి అందగానే మళ్లీ లేచేవాడు. రెండు వారాలు ఇదే పని. జాయ్ పక్కకు జరిగినప్పుడల్లా, "ఎక్కడికే, పెళ్లికా?" అని అరిచేవాడు.

గోపాల్‌పూర్‌లో సముద్రం ఆ రోజు బాగా లేచింది. జాయ్ ఐదో మనిషిగా నీళ్లలోంచి బయటికొచ్చి, సైకిలు మీద ముందు గుంపును అందుకుంది. వెనక నుంచి ఇంకో ఇద్దరు వచ్చి కలిశాక ఏడుగురు. ఒక కేరళ అమ్మాయి ముందుండి గుంపును లాగుతోంది. జాయ్ నాలుగో చక్రం పట్టుకుంది. ప్రతి మలుపులో పక్కకు జరగాలనిపించింది. పళ్లు బిగించి ముందున్న భుజాలు చూసింది. తన వంతు వచ్చినప్పుడు కొద్దిసేపు లాగి మళ్లీ వెనక్కి తగ్గింది.

"ఆగే ఆవో!" అని కేరళ అమ్మాయి రెండుసార్లు వెనక్కి తిరిగి హిందీలో అరిచింది, ముందుకు రమ్మని. జాయ్ వెళ్లలేదు. ఆమె ముఖం సిగ్గుతో కాలింది. రోడ్డు పక్కన టోపీ పెట్టుకుని నిలబడ్డ జీవరాజు ముందే గుంపు దాటింది. ఆయన చప్పట్లు కొట్టలేదు. తల వంచి చక్రాల చప్పుడు విన్నాడు.

పరుగు మొదలయ్యేసరికి ఆమె కాళ్లలో ఇంకా బలం ఉంది. నలుగురిని దాటి రెండో స్థానంలో వచ్చింది. నాలుగో స్థానంలో వచ్చిన కేరళ అమ్మాయి గీత దాటి నేల మీద కూలబడింది. జాయ్ నీళ్ల సీసా ఇవ్వబోతే ఆమె వైపు చూసింది కానీ అందుకోలేదు.

ఆ ఆదివారం చర్చిలో జీవరాజు లేవడానికి కొంచెం ఆలస్యం చేశాడు. పక్క బెంచీలో జాయ్ మోకాలు ఊగుతోంది.

"మా అమ్మాయి రెండోది వచ్చింది," అన్నాడు. "ఎనక తొక్కింది. నేనే నేర్పేను. ముందుండి తొక్కిన పిల్ల నాలుగోది అయిపోయింది. ఆ పిల్ల కోసం కూడా ప్రార్థన సెయ్యండి."

ఆమెన్ అనాలో వద్దో సంఘానికి వెంటనే తెలియలేదు. మొదట వసంతకుమారి అంది.

ఏప్రిల్‌లో ఆసియా పోటీ అయింది. జాయ్‌కి పద్దెనిమిదో స్థానం, తొలి పాయింట్లు. ఒలింపిక్ అర్హత పట్టికలో ఇప్పుడు ఆమె స్థానం రెండువందల పదకొండు. ఒలింపిక్స్‌కు వెళ్లేది యాభై ఐదుగురు.