డోరు రబ్బరు కింద

ఏ పాత కారు వచ్చినా పెయింటర్ ముందుగా డోరు రబ్బరు ఊడదీసి చూస్తాడు. ఎండ తగలని ఆ సందులో కారు కొన్నప్పటి రంగు ఉంటుంది. తను కలిపిన రంగు చుక్కను బొటనవేలి గోటిమీద వేసుకుని, ఒక కన్ను మూసి, దాని పక్కన పెట్టి పోలుస్తాడు. ఆయన కన్ను తప్పదని అందరూ అంటారు. ఈ కారు రబ్బరు కింద లేత ఆకుపచ్చ ఉంది. పైనున్న నీలం ముప్ఫై ఏళ్ళ కిందట ఆయనే వేశాడు. ఆకుపచ్చ కలపబోయి నీలం ఎక్కువ పోశాడు. అప్పటి యజమాని నవ్వి, "బాగానే ఉందిలే, మనిద్దరికే తెలుసు" అని తీసుకుపోయాడు.

ఇప్పుడు ఆ యజమాని కూతురు స్టూలు మీద కూర్చుంది. "మా నాన్న కారు రంగు ఈ నీలమే బాబాయ్. కొత్తగా వేసినా అసలు రంగు మార్చొద్దు."

"అసలుదంటే..." అని ఆగి, రబ్బరు మళ్ళీ నొక్కేశాడు. చెబితే ముప్ఫై ఏళ్ళ పేరు పోతుంది.

నాలుగోసారి కలిపిన చుక్కకూ ఆమె తల అడ్డంగా ఊపింది. "మీ కంటి గురించి తెగ చెప్పారే! ఏమైంది బాబాయ్?"

ఏ రంగైనా కలపగలడు. తను చేసిన తప్పే మళ్ళీ కుదరడం లేదు. గోరు తుడుచుకుని ఐదో డబ్బా మూత తీశాడు.