యాభై చింతగింజలు

మిల్టన్ కీన్స్‌లో మా అమ్మాయి ఆడిన బేస్‌బాల్ జట్టుకు ఆయన కోచ్. నెల్లూరు మనిషి. మ్యాచ్‌కు వచ్చేటప్పుడు కుడి జేబులో యాభై చింతగింజలు వేసుకునేవారు. మా పిల్లలు బ్యాటర్‌కు బంతి విసిరిన ప్రతిసారీ ఒక గింజ ఎడమ జేబులోకి మారేది. గింజలు అయిపోతే, విసిరేది ఎవరైనా సరే, బయటికి రావాల్సిందే; తర్వాతివాళ్లకు లెక్క మళ్లీ మొదటినుంచి.

ఆ ఏడాది మేము ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. చివరి మ్యాచ్‌లో మాత్రం మా అమ్మాయి విసిరిన బంతులను అవతలివాళ్లు తాకలేకపోయారు. ఇంకొక్కరు అవుటైతే గెలుపు మాదే. సరిగ్గా అప్పుడు ఆయన మైదానంలోకి నడిచి, బంతి ఇమ్మని చెయ్యి చాచారు.

"ఇంకొక్కరే కదండీ, ఉంచండి," అని అరిచాను.

"గింజలు అయిపోయినాయి డాక్టర్ గారూ."

ఓడిపోయాం. ఆట ముగిశాక ఆయన, బంతులు బయటికి పోకుండా కట్టిన వల దగ్గర నిలబడి, ఎప్పటిలాగే మా అమ్మాయిని పిలిచారు. "ఈ వల పైముళ్లు కాస్త విప్పమ్మా."

"అదైనా మీరే చేసుకోవచ్చుగా," అన్నాను కోపంగా.

ఆయన కుడిచెయ్యి పైకెత్తారు. అది భుజం దాకా వచ్చి ఆగిపోయింది.

"నాకు పదిహేనేళ్లప్పుడు నా చేత పొద్దుగూకులూ బౌలింగ్ వేయించినారు. ఆ మ్యాచ్ మేం గెలిచినాం."