సూక్ష్మజీవుల దుబాసీ

మా ప్రయోగశాలలో ఒక పెద్దాయన ఉండేవారు. ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో ఆయన తన తరఫున ఒక్క మాట అన్నట్టు ఎవరికీ గుర్తులేదు. ఏం చెప్పాలన్నా సూక్ష్మజీవుల చేత చెప్పించేవారు. అదీ వాటి వాటి గొంతులతో. అందుకే చాటుగా ఆయన్ని దుబాసీ గారనేవాళ్ళం. ఎదురుగా మాత్రం బాబాయ్ గారే.

మందుమొక్కల రసాలు తీసి, అవి రోగాలు తెచ్చే సూక్ష్మజీవుల్ని చంపుతాయో లేదో చూడటం మా పని. ఆ జీవుల్ని ఆకలిదప్పులు తెలియకుండా పెంచడం ఆయన పని. ఆయన పెంచేవారు, మేం చంపేవాళ్ళం. ఇంత పచ్చిగా చెబితే బాగుండదు గానీ, జరిగేది అదే.

ప్రయోగశాల నేలమాళిగలో ఉంది. కిటికీలు పైకప్పుకి ఆనుకుని ఉంటాయి. వాటిలోంచి రోడ్డు మీద వెళ్ళేవాళ్ళ కాళ్ళు తప్ప ఇంకేమీ కనిపించదు. ఏవైనా కాళ్ళు అక్కడ ఆగిపోతే, అవి కదిలేదాకా మాకు పని సాగేది కాదు. నడవా చివర జీవుల్ని పెంచే వెచ్చగది. వెలుతురు తగిలితే కొన్ని రసాలు పాడైపోతాయని లోపల ఎర్ర బల్బు ఒక్కటే పెట్టారు. మనిషి ఒంట్లో ఎంత వేడి ఉంటుందో ఆ గదిలోనూ అంతే. అడుగుపెడితే, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళిన కుర్చీలో కూర్చున్నట్టు ఉంటుంది.

నేను చేరిన రోజు ఆ తలుపు తీశాను. అరల నిండా గాజుపళ్ళేలు. మనిషన్నవాడు లేడు.

"తలుపెయ్యి తల్లీ, చలేస్తోంది" అంది ఒక బొంగురు గొంతు.

నా చేతిలో ఉన్న పళ్ళేల దొంతర నేల పాలైంది.

"పగలగొట్టేసిందిరోయ్!" అంది ఇంకో గొంతు, సన్నగా.

అప్పుడు అరల వెనక నుంచి చీపురు పట్టుకుని ఒక ముసలాయన వచ్చారు. ఏమీ ఎరగనట్టు పెంకులన్నీ ఊడ్చారు.

"ఇందాక మాట్లాడింది మీరేనాండీ?" అన్నాను.

"నేనా? నాకేం పనమ్మా?" అని అరల వైపు జాలిగా చూశారు. "పాపం, కొత్త మనిషి కదా అని పలకరించాయి."

ఆ తర్వాత ఒక్కో గొంతూ పరిచయమైంది. చీముపుళ్ళలో ఉండే పసుపుపచ్చది, మేం బంగారంది అంటాం, అది జమీందారులా బొంగురుగా మాట్లాడేది. పేగుల్లోది చాడీకోరు. కాలిన గాయాల మీద చేరే ఆకుపచ్చది ఎప్పుడూ ఏడుపే. కాఫీ తాగుతారా అంటే ఆయన అరలకి చెవి ఒగ్గి "రెండు చెంచాల పంచదార వెయ్యమంటున్నాయి" అనేవారు. డాక్టరు ఆయన చేత పంచదార మాన్పించాడు. వాటి చేత మాన్పించలేదు.

ఒకసారి ఆ గదిని వెచ్చగా ఉంచే యంత్రం చెడితే మెకానిక్ వచ్చి దానిలో తలదూర్చాడు. "ఆ మర కాదు నాయనా, పక్కది" అంది చీకట్లోంచి ఆకుపచ్చది, వెక్కుతూ. సంచీ వదిలేసి పోయినవాడు ఇప్పటికీ దాని కోసం రాలేదు. చూస్తే నిజంగానే వదులైంది పక్క మరే. ఊడ్చే ఆయమ్మ అయితే తలుపు తట్టి "వస్తున్నా, సర్దుకోండమ్మా" అన్నాకే లోపలికి వెళ్ళేది.

నవ్వుకునేవాళ్ళం గానీ, ఆ నవ్వు వెచ్చగది గుమ్మం దాకానే. ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు కూడా ఆ తలుపు దగ్గర మా నడక నెమ్మదించేది. లోపల గాలి తిప్పే పంకా గురగురలాడుతూ ఉండేది. కాసేపు నిలబడి వింటే, ఎవరో మన గురించే మెల్లగా చెప్పుకుంటున్నట్టు ఉండేది. నేనైతే ఎక్కువసేపు నిలబడలేదు.

ఇక నా సంగతి. ఏడాదిగా నేను ఒక చేదాకు మీద పనిచేస్తున్నాను. సోమవారం పెద్దల ముందు ఫలితం చూపించాలి. బాగుంటే ఇంకో రెండేళ్ళు ఉద్యోగం, లేకపోతే ఇంటికి. పద్ధతి చిన్నదే. ఆకుని సారాయిలో నానబెట్టి రసం తీయాలి. కాగితం బిళ్ళలకి ఆ రసం పట్టించి, సారాయి మొత్తం ఎగిరిపోయేదాకా ఆరబెట్టాలి. తర్వాత జీవుల్ని పరిచిన పళ్ళెంలో పెట్టాలి. మర్నాటికి బిళ్ళ చుట్టూ జీవులు చచ్చి ఖాళీ వలయం ఏర్పడితే ఆకులో సత్తా ఉన్నట్టు. శుక్రవారం చూద్దును కదా, నా వలయాలు అరిసెలంత ఉన్నాయి! కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆ సాయంత్రమే డైరెక్టరు గారికి ఫలితం పంపేశాను.

శనివారం పొద్దున్న సెలవు. నా పళ్ళేల్ని ఇంకోసారి చూసుకుని మురిసిపోదామని వెళ్ళాను. నేలమాళిగ అంతా నేనొక్కదాన్నే. దుబాసీ గారు కాలు వాచి మూడు రోజులుగా సెలవులో ఉన్నారు. వెచ్చగది తలుపు తీసి, ఎర్ర వెలుతుర్లో నా పళ్ళెం అందుకున్నాను.

"చచ్చాం తల్లీ" అంది బొంగురు గొంతు.

గిర్రున వెనక్కి తిరిగాను, ఎవరూ లేరు.

"చచ్చాం గానీ, నీ ఆకు వల్ల కాదు." గొంతు కొంచెం ముద్దగా, తూలుతూ వచ్చింది. "మత్తులో చచ్చాం. బిళ్ళల్లో సారాయి... ఘాటుగా ఉంది తల్లీ... మాకు అలవాటు లేదు..."

పళ్ళెం మూత తీసి వాసన చూశాను. ఏమీ తెలియలేదు. కానీ గురువారం గుర్తొచ్చింది. తొందరలో బిళ్ళల్ని ఆరబెట్టకుండానే పెట్టేశాను. సరిచూసుకోవడానికి వేసిన ఒట్టి సారాయి బిళ్ళ మాత్రం పోయిన వారానిది. అది ఎప్పుడో ఆరిపోయింది. అందుకే దాని చుట్టూ వలయం లేదు, అందుకే నాకు అనుమానం రాలేదు. జీవుల్ని చంపింది నా ఆకు కాదు, నా తొందర.

అక్కడే కూలబడ్డాను. అప్పుడు కనిపించాయి, చివరి అర కింద రెండు చెప్పులు, వాటిలో రెండు కాళ్ళు. ఒకటి వాచి ఉంది.

"బాబాయ్ గారూ!"

చెమటతో ముద్దయిపోయి బయటికొచ్చారు. పళ్ళేలు చూసుకోవడానికి నేను వస్తానని ఊహించి, ఆ ఉక్కలో గంటకి పైగా నిలబడ్డారట.

"ఆరబెట్టే పళ్ళెం గురువారం మధ్యాహ్నం ఖాళీగా ఉందని ఆయమ్మ ఫోన్లో అందమ్మా" అన్నారు, తప్పు తానే చేసినట్టు.

"మరి నాకు ఫోన్ చేసి చెప్పొచ్చుగా! గుండాగి చచ్చేదాన్ని!"

ఆయన అలవాటుగా అరల వైపు చూశారు. కానీ ఈసారి వాటి చేత చెప్పించలేదు. తన తరఫున ఆయన మాట్లాడటం మొదటిసారి విన్నాను. చాలా మామూలు గొంతు.

"నేను చెబితే నువ్వు నాకు సమాధానం చెప్పుకోవాలి తల్లీ. రేపట్నించి నన్ను చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. అవి చెబితే సరిదిద్దుకుంటే చాలు."

నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి టైము లేదు. ఆ రోజంతా కొత్త బిళ్ళలు ఆరబెట్టి, సాయంత్రం పళ్ళేల్లో పెట్టాను. సోమవారం పొద్దున చూస్తే వలయాలు శనగగింజంత ఉన్నాయి. చిన్నవే, కానీ ఆకువే.

పెద్దల ముందు జరిగింది జరిగినట్టు చెప్పాను. డైరెక్టరు గారు నవ్వగా చూసినవాళ్ళు లేరు. శుక్రవారం నేను పంపిన కాగితాన్నీ, కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూశారు.

"తప్పు ఎవరు పట్టుకున్నారు?"

వెనక గోడ దగ్గర దుబాసీ గారు తన పేరు చెప్పొద్దన్నట్టు కళ్ళతోనే బతిమాలుతున్నారు.

"సూక్ష్మజీవులేనండీ. బంగారంది చెప్పింది" అనేశాను.

గదిలో అందరూ బిగుసుకుపోయారు. డైరెక్టరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అదృష్టవంతురాలివి. నా కుర్రతనంలో నాకు బూజు చెప్పింది. ముక్కుతో మాట్లాడేది. సగం అర్థమయ్యేది కాదు."

రెండేళ్ళ కాగితం మీద సంతకం పెట్టి నా వైపు జరిపారు.

"ఇక మీద బాగా ఆరబెట్టు. అవతల అవి కూడా పెద్దవైపోతున్నాయి, కాళ్ళు వాస్తున్నాయి" అన్నారు, వెనక గోడ వైపు చూడకుండా.