గాలిలో కూర్చున్న పిట్ట

మారికుప్పం నుంచి బెంగళూరు పోయే పొద్దుటి రైలు కూత వేసింది. నేత్ర ఆ రైల్లో లేదు. స్టేషనుకు రెండు మైళ్ల దూరంలో, మూతపడిన ఒక గని షాఫ్ట్ ముందు, ఎండిన గడ్డి మీద చాప పరుచుకుని మోకాళ్ల మీద కూర్చుని ఉంది. చాప మధ్యలో అరచేతిలో పట్టేంత కెమెరా డ్రోన్. ఎదురుగా నూట నలభై అడుగుల ఇనుప గోపురం. బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో దాన్ని హెడ్‌గేర్ అంటారు. ఒకప్పుడు దాని నెత్తి మీదున్న పెద్ద చక్రం మీదుగా ఉక్కు తాడు నడిచి మనుషుల్ని మైలు లోతుకు దించేది, మళ్లీ పైకి తెచ్చేది. ఇప్పుడు తాడు లేదు. దిగే మనుషులు లేరు. చక్రం మాత్రం అక్కడే ఉంది.

ఆ చక్రాన్ని నాలుగు వైపుల నుంచీ, మేకుల తలలు కనిపించేంత దగ్గరగా ఫోటోలు తీయాలి. దేనికీ తగలకూడదు. పని అంతే.

కూత వినగానే ఆమె కాళ్లు అలవాటుగా లేవబోయాయి. పదకొండేళ్లు ఆ రైలు పట్టుకుంది మరి. బెంగళూరులో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో చెకింగ్ సెక్షన్. కుట్టిన చొక్కాను వెలుతురుకు వాలుగా పట్టుకుని ఎక్కడ దారం తేలిందో, ఎక్కడ కుట్టు తప్పిందో వెతకడం ఆమె పని. రోజుకు ఆరేడు వందల చొక్కాలు. ఇప్పుడు రెండు నెలలు జీతం లేని సెలవు పెట్టింది. సోమవారం లోపల తిరిగి చేరతావా, మానేస్తావా చెప్పమని సూపర్‌వైజరు కబురు పెట్టింది. ఈ రోజు శుక్రవారం.

డ్రోన్ నేర్పిన గురువంటూ ఎవరూ లేరు. రైల్లో నిలబడి పోతూ వస్తూ ఫోనులో వీడియోలు చూసింది. కన్నడంలో కొన్ని, తమిళంలో కొన్ని, అర్థం కాని హిందీలో కొన్ని. తర్వాత పాత డ్రోన్ ఒకటి కొనుక్కుంది. అసలు చదువంతా అది కిందపడినప్పుడే వచ్చింది.

మొదటిసారి శ్రీనివాసపురంలో, నంజుండప్ప అనే రైతు మామిడి తోటలో పడింది. కాయ బాగా దిగిందని, కొనేవాళ్లకు చూపించడానికి తోటంతా పైనుంచి తీయమన్నాడాయన. నేత్ర ఫోను తెర చూసుకుంటూ డ్రోన్‌ను పక్కకు జరిపింది. ఎంత అందంగా వస్తోందో అని మురిసిపోతూ ఇంకా పక్కకు జరిపింది. దానికి ముందు, వెనక, కింద అడ్డం కనిపెట్టే కళ్లున్నాయి. పక్కలకు లేవు. ఆ సంగతి గట్టు మీది సిల్వరోక్ చెట్టు చెప్పింది. నంజుండప్ప నిచ్చెన వేయించి దించి, ఈ కాయ ఇంకా పండలేదమ్మా అంటూ చేతిలో పెట్టాడు.

రెండోసారి సైనైడ్ దిబ్బ వెనక. గని రాయిని పొడిచేసి సైనైడ్‌తో బంగారం తీశాక పారబోసిన పొడి కొండలంత పేరుకున్న దిబ్బలు అవి. సిగ్నల్ పోతే డ్రోన్ తనంతట తాను ముందు చెప్పిన ఎత్తుకు లేచి, అక్కడినుంచి నేరుగా ఇంటిదారి పడుతుంది. ఆమె పెట్టిన ఎత్తు దిబ్బ ఎత్తుకన్నా తక్కువ. పాపం అది వచ్చి దిబ్బను చూసి ఆగింది. దాటలేక, తిరిగిపోలేక అక్కడే గాలిలో నిలబడి బ్యాటరీ అయిపోయి తెల్లటి బూడిదలోకి జారింది. పెయింటు బ్రష్‌తో రెండు రోజులు శుభ్రం చేసింది నేత్ర. రెక్క చేయి విరిగితే బంగారుపేటలో ఫోన్లు బాగుచేసే శశి అతికించి ఇచ్చాడు. మూడోసారి తెస్తే పూలు తీసుకురా అక్కా, దండేసి పంపిద్దాం అన్నాడు.

పడిన ప్రతిసారీ నోట్‌బుక్కులో ఒక వాక్యం రాసుకుంది. తెలియని చోట పక్కకు పోకూడదు. ఇంటిదారి ఎత్తు అన్నిటికన్నా పైన పెట్టాలి. పది లెక్కపెట్టేలోపు ఒకసారి తెర మీదనుంచి తలెత్తి డ్రోన్‌నే చూడాలి. భయమేస్తే రిమోట్ మీది రెండు పుల్లలూ వదిలెయ్యాలి, అది ఉన్నచోటే నిలబడుతుంది. అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో రాసింది మాత్రం ఇది: గోడను చూస్తుంది, చెట్టును చూస్తుంది, సన్నటి తీగను చూడదు.

ఈ పని ఇచ్చిన మునీంద్ర బెంగళూరు ఇంజనీరు. హెడ్‌గేర్లు ఎంత గట్టిగా ఉన్నాయో చూసి రాసివ్వడం అతని కంపెనీ పని. గేటు లోపలికి పోవడానికి అనుమతి కాగితం అతనే తెచ్చాడు. ఇది బాగా వస్తే మిగిలిన షాఫ్ట్‌లన్నీ మీకే మేడమ్, ఏడాది పట్టే పని అన్నాడు. అతను మామూలుగా అన్న ఆ మాటకు నేత్ర రాత్రంతా పక్క మీద అటూ ఇటూ దొర్లింది. ఏడాది. రైలు లేని ఏడాది.

పక్కన స్టూలు మీద చేతులు మోకాళ్లపై పెట్టుకుని కూర్చున్నది ఆమె మామ గంగప్ప. వయసు డెబ్బై ఆరు. ఆయన తాత చిత్తూరు పక్క పల్లె నుంచి గనికి వచ్చినవాడు. గంగప్ప ఇదే షాఫ్ట్‌లో రిగ్గరుగా ఇరవై ఆరేళ్లు చేశాడు. అంటే ఈ గోపురం ఎక్కి, చక్రానికి గ్రీజు పెట్టి, తాడును వేలితో తడిమి చూసిన మనిషి. డ్రోన్‌ను ఆయన 'ఈగ' అంటాడు. ఈ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఎందుకు మామా అంటే, చక్రం చూడబోతా ఉండాను కదా అన్నాడు.

నిన్న సాయంత్రం ఆయనే పెరట్లో బండ మీద చాక్‌పీసుతో హెడ్‌గేర్ బొమ్మ గీసి, అడ్డాలన్నీ చెప్పాడు. గోపురం నుంచి, తాడు చుట్టే ఇంజన్ రూము గోడకు ఆ కాలంలో దీపాల కోసం తానే మూడు ఉక్కు తీగలు లాగాడట. దీపాలు పోయాయి. తీగలు ఉండే ఉంటాయి, కొయ్యడానికి ఎక్కిన మగాడు ఇంగ యాడ ఉండాడు అన్నాడు. ఇరవై అడుగుల కాడ ఒకటి, అరవై కాడ ఒకటి, నూరడుగుల కాడ ఒకటి. నేత్ర అంకెలు రాసుకుంది. డ్రోన్ ఎత్తు మీటర్లలో చూపిస్తుంటే ఇంట్లో అందరికీ వచ్చే అడుగుల్లోకి మార్చుకుంది కూడా. గోపురం కాళ్ల అడ్డకమ్మీల ఫోటోలు నలభై అడుగుల ఎత్తులో కావాలి. ఇరవైకీ అరవైకీ సరిగ్గా మధ్యన నలభై. ఇంకేం, ఆ సందులోంచి దూరి వెనక వైపుకు పోవచ్చు అని గీత గీసుకుంది.

గోపురం ఇనుము వల్ల డ్రోన్‌లోని దిక్సూచికి తిక్క పుట్టకుండా అరవై అడుగులు దూరంగా చాప వేసింది. ఇంటిదారి ఎత్తు రెండు వందల అడుగులు పెట్టింది. గాలి లేదు. పుల్ల పైకి నెట్టింది. ఈగ గుయ్యిమంటూ లేచింది.

మొదటి వైపు సులభంగా వచ్చింది. చక్రం తెర మీదకు వచ్చింది. కింద నుంచి చూస్తే బండి చక్రమంత కనిపించేది, తెర నిండా పడేసరికి ఎంత పెద్దదో. చక్రం ఆకుల మధ్య తుప్పు, తుప్పు మధ్య పావురం గూడు. పక్కనే నిలబడ్డ మునీంద్ర ఆమె భుజం మీదుగా వంగి చూస్తున్నాడు. గంగప్ప ఫోనుకు ముక్కు ఆనించి చక్రాన్ని ఆకు ఆకుగా చూశాడు.

"ఇన్నేండ్లు ఎవురూ గ్రీజు పెట్టనే లేదు" అన్నాడు చివరికి, నిన్నటి షిఫ్టువాడిని తిట్టినట్టు.

రెండో వైపు అయింది. మూడో వైపు అయింది. ముందుకు పోవడం, ఆగడం, ఉన్నచోటే మూతి తిప్పడం, మళ్లీ ముందుకు. ఎప్పుడూ పక్కకు లేదు. తను ఇంత బాగా నడుపుతోందా అని ఆమెకే ఆశ్చర్యంగా ఉంది. లోపల సంతోషం పొంగుతుంటే బొటనవేళ్లను మాత్రం చల్లగా ఉంచుకుంది. తర్వాత ఈగను నలభై అడుగులకు దించి, గోపురానికీ ఇంజన్ రూముకూ మధ్య సందులోకి మళ్లించింది. మనిషి నడిచేంత వేగం. తెర మీద ఏ హెచ్చరికా లేదు. ముందంతా ఖాళీ అంటోంది డ్రోన్.

ఏడు, ఎనిమిది లెక్కపెట్టి తలెత్తింది.

ఈగకు ఎదురుగా గాలిలో ఒక పిట్ట కూర్చుని ఉంది. తోక చీలిన నల్లపిట్ట. ఎగరడం లేదు. కొమ్మ లేదు, గోడ లేదు, ఉత్త గాలి మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, వస్తున్న ఈగను తల వంచి చూస్తోంది.

పదకొండేళ్ల చెకింగ్ సెక్షన్ ఆమె కళ్లలో ఒక్కసారిగా మేల్కొంది. చొక్కాను వాల్చినట్టు తలను వాల్చింది. పిట్ట కాళ్ల కింద ఎండ ఒక వెంట్రుకంత సన్నగా మెరిసింది. దారం. కాదు, తీగ. ఆమె రెండు పుల్లలూ వదిలేసింది.

ఈగ ఆగింది. తీగకూ దానికీ మధ్య ఒక చీర వెడల్పంత ఉందో లేదో. పిట్ట విసుక్కుని లేచిపోయింది. దాని బరువు దిగేసరికి తీగ ఊగింది. ఇప్పుడు అందరికీ కనిపించింది.

బ్యాటరీ ముప్పై శాతానికి వచ్చిందని రిమోట్ కీచుమంది. ఇంటిదారి బటన్ నొక్కేయండి మేడమ్, అదే వచ్చేస్తుంది అన్నాడు మునీంద్ర కంగారుగా. నేత్ర వేలు బటన్ దాకా పోయి ఆగిపోయింది. అది నొక్కితే ఈగ ఉన్నచోటు నుంచి నిట్టనిలువుగా రెండు వందల అడుగులకు లేస్తుంది. నెత్తి మీద దానికి కళ్లు లేవు. పైన ఏముందో?

"మామా, నలభై కాడ తీగ ఉండాదే. ఇరవై, అరవై, నూరు అని కదా నువ్వు చెప్పినావు" అంది, కళ్లు ఈగ మీదనుంచి తిప్పకుండా.

"అవునమ్మా. ఇది నూరడుగులది."

"ఇది యాడ నూరు? ఈగ నలభై అంటా ఉంది."

"చక్రం కాడి నుంచి నూరడుగులు కిందకమ్మా. ఎవురైనా కింద నుంచి కొలస్తారా?"

గనిలో పుట్టి పెరిగిన మనిషికి కొలత అంటే కిందకు దిగేదే. వెయ్యడుగులన్నా, ఐదు వేలన్నా, పైన నిలబడి కిందకు లెక్క. గోపురం మీద పనిచేసే రిగ్గరుకు లెక్క మొదలయ్యేది చక్రం దగ్గర. ఆ ఇంట్లో కోడలై పదిహేనేళ్లయినా నేత్రకు ఇది తట్టలేదు. నూట నలభైలోంచి తీసేసుకుంది. నూట ఇరవై, ఎనభై, నలభై. అంటే ఈగ నెత్తి మీద ఇంకా రెండు తీగలున్నాయి. బటన్ నొక్కి ఉంటే నేరుగా పోయి వాటిలో చిక్కుకునేది.

నవ్వు వచ్చింది, చెమటా పట్టింది. వచ్చిన దారి ఖాళీ అని తెలుసు, ఎందుకంటే ఇప్పుడే దాంట్లోంచి వచ్చింది. పుల్లను వెనక్కు లాగింది. వేలెడంత, మరో వేలెడంత. ఈగ దూడలా వెనక్కు నడిచింది. సందు దాటింది. ఆ తర్వాత వచ్చి చాప మీద వాలింది. పద్నాలుగు శాతం మిగిలింది.

మునీంద్ర నీళ్ల సీసా ఇచ్చి, మూడు వైపులతో సరిపెట్టుకుందాం, చాలు అన్నాడు. ఒప్పుకుంటే డ్రోన్ భద్రం. కానీ మూడు వైపులు తీసినామెకు మిగిలిన షాఫ్ట్‌లు ఇస్తారా? నేత్ర నోట్‌బుక్కు తెరిచి గంగప్ప స్టూలు పక్కన కూర్చుంది. మూడు తీగలూ గోపురం మీద ఏ కమ్మీ దగ్గర మొదలవుతాయి, గోడ మీద ఏ కిటికీ దగ్గర ముగుస్తాయి, అన్నీ వేలుపెట్టి చూపించమంది. ఆయన చూపించాడు. ముప్పై ఏళ్ల కిందట తాను బిగించిన కొక్కేలను ఒక్కటి కూడా తప్పకుండా చూపించాడు. తీగ కనిపించకపోయినా దాని రెండు కొసలూ కనిపిస్తాయి. ఆ కొసల మధ్య గాలిని గోడ అనుకుంటే సరి. ఇది కూడా రాసుకుంది.

రెండో బ్యాటరీ వేసింది. ఈసారి సందు మాట లేదు. ఈగను రెండు వందల అడుగులకు లేపి, గోపురం నెత్తి మీదుగా దాటించి, వెనక మెట్టు మెట్టుగా దించింది. గంగప్ప లేచి గోపురం కాలు దాకా నడిచి, రెండు వైపులూ కనిపించే చోట నిలబడ్డాడు. ఆయన చెయ్యి పైకెత్తితే ఆగాలి, దించితే దించాలి. మనుషుల్ని గనిలోకి దించే ఇనుప బోనుకు సైగ చేసినట్టు గంభీరంగా చేశాడు. నాలుగో వైపు వచ్చింది. అడ్డకమ్మీలు వచ్చాయి. చివరగా చక్రం ఇరుసు, దాని పక్కన కమ్మీకి తీగతో కట్టిన ఒక చెక్క. గ్రీజు పెట్టేటప్పుడు గంగప్ప నిలబడిన చెక్క అది. ఎండకూ వానకూ బూడిదరంగు తిరిగింది. ముడి మాత్రం ఊడలేదు.

ఫోటోలన్నీ ఒక్కొక్కటే పెద్దవి చేసి చూశాడు మునీంద్ర. పావుగంట పట్టింది. ఆ పావుగంటా నేత్ర ఈగ రెక్కలను గుడ్డతో తుడుస్తూనే ఉంది. చివరికి అతను తల ఎత్తి, గురువారం రెండో షాఫ్ట్ దగ్గర ఏడింటికి రాగలరా, పెద్దాయన్ని కూడా తీసుకురండి అన్నాడు.

నేత్ర సోమవారం దాకా ఆగలేదు. అక్కడే, గడ్డి మీదే నిలబడి సూపర్‌వైజరుకు ఫోను చేసి ఇంక రానని చెప్పింది. ఎందుకని అడిగితే, ఇక్కడ దారాలు వెతికే పని దొరికింది మేడమ్ అంది.

ఇంటికి రాగానే గంగప్ప చొక్కా విప్పి దండేనికి తగిలించాడో లేదో, నేత్ర నోట్‌బుక్కు పట్టుకుని బండ దగ్గర బాసింపట్టు వేసుకుంది.

"ఇంగ రెండో షాఫ్ట్ చెప్పు మామా. యాడి నుంచి కొలస్తావో అది ముందు చెప్పు."

"నీ కోసరం కింద నుంచే చెప్తాలేమ్మా" అని ఆయన చాక్‌పీసు అందుకున్నాడు. బండ మీద అన్నిటికన్నా పైన, ముందుగా చక్రం గీశాడు.