దర్జీ కాయించిన సొరకాయ
మూడో అంతస్తు దర్జీ కుట్టుమిషన్ ముందు కూర్చున్నా కళ్లు బాల్కనీ మీదే ఉండేవి. పాత పెయింటు డబ్బాలో వేసిన సొరపాదుకు పురుగు పడుతుందేమో, గాలికి తీగ తెగుతుందేమో అని ఒకటే భయం. పాదు పెంచడం కొత్త కావడంతో ఆకు కాస్త పసుపు తిరిగినా, మెడలో టేపుతోనే కింద విత్తనాల కొట్టుకు పరుగెత్తేవాడు. మూడు నెలలకు ఒక్క కాయ కాసింది. అది కోసిన రోజు మధ్యాహ్నం భార్య కూర వండి, ముందుగా తిని, "చాలా బాగుంది" అంది. చేతిలో ఉన్న చొక్కాకు గుండీలు కుట్టడం ముగించి అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కటిక చేదు! చేదు సొరకాయ తింటే ప్రాణం మీదికొస్తుందని కొట్టతను చెప్పిన మాట గుర్తొచ్చి ఉమ్మేశాడు.

"ఎంత తిన్నావే?"

"గిన్నెడు. అంత ఆశగా పెంచారు కదా, చేదని ఎలా చెప్పను?" అంటూనే ఆమె కడుపు పట్టుకుని కూలబడింది. ఆసుపత్రికి వెళ్తున్నంతసేపూ వాంతులే. చల్లబడుతున్న ఆమె చెయ్యి పట్టుకుని, "చెప్పొచ్చు కదే, ఒక్క మాట చెప్పొచ్చు కదే" అని అతను దారంతా అంటూనే ఉన్నాడు. రెండు రోజులు సెలైన్ ఎక్కించాక ఆమె తేరుకుంది. ఇప్పుడు ఆ డబ్బాలో టమాటాలు కాస్తున్నాయి. కూర ఎలా ఉందో ఆమె ఇప్పుడు నిజమే చెబుతోంది. అయినా "బాగుంది" అని వినిపిస్తే చాలు, అతని చేతిలో ముద్ద ఆగిపోతుంది.