ఆ ఏడాదంతా సార్ కూర్చోలేదు

మా చరిత్ర సార్ పోయారని బషీరాబాద్ ఆటోలో ఉండగా ఫోన్ వచ్చింది. సరే అన్నాను. బడికి వెళ్లి హాజరు తీసుకున్నాను, ఆరో తరగతికి లెక్కలు చెప్పాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

సార్ వికారాబాద్ నుంచి రోజూ రైల్లో తాండూరుకు వచ్చి మా డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పేవారు. ప్యూరిటన్లంటే ఆయనకు ఎందుకో ప్రత్యేకం. ఇంగ్లండు వదిలి అమెరికా చేరిన ఆ కఠిన నియమాల క్రైస్తవుల గురించి, సొంత పెదనాన్నల సంగతి చెప్పినట్టు చెప్పేవారు.

"క్రిస్మస్ గూడ వద్దన్నరు వాళ్లు. మా ఇంట్ల గట్లంటే మా ఇంటామె నన్నే బయటికి పంపుతది," అని నవ్వించేవారు. మళ్లీ ఆయనే, "పిల్లలందరికి చదువు రావాలన్నరు, గది మంచిగ చేసిన్రు. తమ మతం కోసం సముద్రం దాటి, పక్కోని మతానికి జాగ ఇయ్యలే. గది మర్వొద్దు," అనేవారు.

రెండో ఏడాది పరీక్షలో నా జవాబులూ పక్కనున్న అమ్మాయి జవాబులూ ఒకేలా ఉన్నాయి. నేనే చూసి రాశానని సార్ అందరి ముందు అన్నారు. పెద్దేముల్‌లో మా ఇంటి నుంచి కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేను. వారం రోజులు తల ఎత్తలేదు. తర్వాత ఆ అమ్మాయే వెళ్లి ఒప్పుకుంది.

మర్నాటి పాఠం, అమాయకులను మంత్రగత్తెలని ఉరికి పంపిన ఒక ప్యూరిటన్ జడ్జి గురించి. కొన్నేళ్లకు ఆయన తప్పు తనదేనని చీటీ రాసిచ్చి, చర్చిలో పాస్టర్ దాన్ని చదువుతుంటే అందరి ముందు నిలబడ్డాడట. అది చెప్పి సార్ కుర్చీ పక్కకు జరిపారు.

"నువ్వు కాపీ కొట్టలే బిడ్డ. తప్పు నాది. నువ్వు కూసోమన్నదాక నేను కూసోను."

నేను కూర్చోమనలేదు. పంతం. గంట కొట్టారు. ఆ ఏడాదంతా మా క్లాసులో సార్ నిలబడే పాఠం చెప్పారు. పంతం పోయాక సిగ్గు అడ్డొచ్చింది. కాలేజీ అయిపోయింది. ఇప్పుడు నా లెక్క తప్పితే పిల్లల ముందే ఒప్పుకుంటాను. అది ఆయన నేర్పిందే.

వికారాబాద్ చర్చిలో, సార్ జ్ఞాపకార్థ ప్రార్థన రోజు, ఆయన భార్య నా చెయ్యి పట్టుకున్నారు. "నిన్ను యాది చేస్తుండె. 'గా పిల్ల ఇంక కూసోమనలే' అని నవ్వుతుండె," అన్నారు.

సార్ గురించి ఎవరైనా నాలుగు మాటలు చెప్పమని పాస్టర్ గారు అంటే లేచాను. కూర్చోండి సార్ అనాలని. ఇప్పుడూ అనలేకపోయాను.

పాస్టర్ గారే, "కూసో బిడ్డ," అన్నారు.

ప్రార్థన ముగిసేదాకా, అందరూ కూర్చున్న ఆ చర్చిలో నేనొక్కదాన్నే నిలబడి ఉన్నాను.